తెలుగునాట వాద్యబృందము

ఒక జాతికి సంగీతమునందు గల ప్రజ్ఞను నిర్ణయించుటకు రెండు కొలబద్దలు కలవు. ఒంటరిగా కూర్చుండి పాడునపుడో వాయించునపుడో ఆ జాతి విద్వాంసుడు ఎంత యెత్తునకు పోగలడనునది మొదటిది. ఏబదిమంది యొక్కచోట కూర్చుండి, ఒకరి స్వరము నొకరు చెవియొగ్గి వినుచు, ఒక్క మనస్సుతో ఎంతకాలము వాయింపగలరనునది రెండవది. మొదటి కొలబద్దకు తెలుగువారు వెఱవ నక్కరలేదు. ద్వారము వెంకటస్వామినాయుడుగారి ఫిడేలును, ఈమని శంకరశాస్త్రిగారి వీణయు, షేక్ చినమౌలానాగారి నాదస్వరమును ఇందులకు చాలిన సాక్ష్యములు. రెండవ కొలబద్ద చేత బట్టినతోడనే మన మాట తడబడుచున్నది. ఏడాది పొడుగునను జీతముపై నుండి, తనదైన మందిరమున తనదైన శ్రోతలయెదుట వాయించుచు పేరు వడసిన సింఫనీ వాద్యబృందము తెలుగుదేశమున నేటికిని కానరాదు. ఇది వాద్యకారుల కొరతచేత గలిగిన లోపము కాదనియు, మన మెన్నిమారులో బృందములను కూర్చియు వానిని నిలుపుకొనలేకపోతిమనియు నా యభిప్రాయము. ఆ సంగతినే యిందు విమర్శింప దలచితిని.

సింఫనీ వాద్యబృందమనగా వాద్యముల గుంపు కాదు. తీగవాద్యములు, కొయ్యతో జేసిన యూదుడు వాద్యములు, ఇత్తడి వాద్యములు, చర్మవాద్యములు మొదలగు కొట్టుడు వాద్యములు అని నాలుగు కుటుంబములు అందుండును. పెద్ద బృందమున 80 మొదలు 100 మంది వఱకు నుందురు. వారిలో సగమునకు మించి కమానుతో వాయించు తీగవాద్యములవారే. ప్రతివాని యెదుటను వాని పాలి స్వరములు వ్రాసిన కాగితముండును. నడుమ నిలుచుండిన నాయకుడు తాను ఒక్క స్వరమైనను పలికింపడు; ఇందఱ పలుకును ఒక్కటి చేయుటయే యాతని పని. ఇట్టి కూటమి యొకనాటి పనికై పిలిచినంత మాత్రమున కుదురునది కాదు. హంగరీ ప్రభువులగు ఎస్టర్‌హాజీ వంశమువారి కొలువున 1761లో చేరిన హైడన్, సుమారు ముప్పదియేండ్లు ఒక చిన్న బృందమును చేతిక్రింద నుంచుకొని దినదినమును సాధన చేయించుటచేతనే సింఫనీ యను రచనకు స్థిరమైన రూపమీయ గలిగెను.

ప్రభువుల యండలేనిచో బృందము నిలువదా యని యడుగువారికి జర్మనీలోని లైప్‌జిగు నగరము ప్రత్యుత్తరము. 1743లో ఆ యూరి పెద్దమనుష్యులును వర్తకులును 16 మంది కూడి, తలకొక వాద్యకారుని పోషించునట్లు ఏర్పాటు చేసికొని, 16 మందితో సంగీతసభ నారంభించిరి. 1781లో ఆ సభకు బట్టల వర్తకుల మందిరమున చోటు దొరకెను. ఆ మందిరము పేరే బృందమునకు పేరై, గెవాండ్‌హౌస్ వాద్యబృందమని నేటికిని లోకప్రసిద్ధమై యున్నది. 1835లో నాయకుడుగా వచ్చిన మెండెల్సన్ 1843లో అచ్చటనే సంగీత పాఠశాలను నెలకొల్పెను. బృందము శిష్యులను కోరినది. పాఠశాల వారి నిచ్చినది. ఆ పెద్దమనుష్యులును వర్తకులును చేసిన పని యిది. వారు కళావేత్తలు కాకపోవచ్చును. నెలనెల జీతము తప్పకుండ నిచ్చినవారు. దీనినిబట్టి చూడగా వాద్యబృందమునకు మూడాధారములు స్పష్టముగా దెలియుచున్నవి: వ్రాత, జీతము, శ్రోత. ఈ మూటిలో ఏ యొక్కటి లోపించినను బృందము కూలును.

ఇది పరదేశపు వస్తువు, గమకప్రధానమైన మన రాగములకు సరిపడదు అని కొందఱు పెద్దలందురు. ఈ యాక్షేపమున కొంత సత్యము లేకపోలేదు. పెక్కు స్వరములను ఒక్కమారు పలికించు పాశ్చాత్యపద్ధతిని తోడిమీదను భైరవిమీదను అట్లే మోపినచో రాగము ఊపిరాడక చచ్చును. కాని బృందమన్నంతమాత్రమున ఆ పద్ధతియే శరణ్యమని యెవరు చెప్పిరి? భరతుడు నాట్యశాస్త్రమున వాద్యకారుల కూటమికి కుతపమని పేరిడి, వారు కూర్చుండు చోటును కూడ నిర్ణయించెను. పదుమూడవ శతాబ్దిలో శార్ఙ్గదేవుడు సంగీతరత్నాకరమున బృందమును ఉత్తమము, మధ్యమము, కనిష్ఠము అని విభజించి లెక్కలతో చెప్పెను. ఉత్తమ గాయకబృందమున ముఖ్యగాయకులు 4, సమగాయకులు 8, గాయనులు 12, వేణువు వాయించువారు 4, మద్దెలవారు 4. కూటమి 32 మంది. అందు స్త్రీల సంఖ్య పురుషగాయకుల సంఖ్యకు సరిగానున్నదని చదువరులు గమనింపవలెను. కూడి పాడుటయు వాయించుటయు మన శాస్త్రమునకు క్రొత్తకాదు. విడిచిపెట్టుటయే మనకు క్రొత్త.

పరదేశపు వస్తువును తనది చేసికొను శక్తియు మన సంగీతమునకు లేకపోలేదు. ముత్తుస్వామి దీక్షితులవారి సోదరుడు బాలుస్వామి దీక్షితులు మదరాసులో ఐరోపీయునికడ ఫిడేలు నేర్చి, దానిని కర్ణాటక సంగీతమునకు తెచ్చెను. దీక్షితులవారు స్వయముగా ఇంగ్లీషు బ్యాండు మెట్లకు సంస్కృత సాహిత్యమును కూర్చిరి. నోటుస్వరములని పేరొందిన యట్టి రచనలు సుమారు నలుబది. నేడు ఫిడేలు లేని పాటకచేరి యరుదు. దానిని మన మిప్పుడు పరాయిదని యందుమా?

ఇక వ్రాత మాట. ఈ విషయమున మన నిర్లక్ష్యము ఎంత నష్టము తెచ్చినదో తెలిసికొనుటకు దూరము పోనక్కరలేదు. రాజంపేట చేరువనున్న తాళ్లపాక అన్నమాచార్యులవారి యూరు. ఆయన రచించిన సంకీర్తనలు 32,000 అని ప్రతీతి. తిరుమలలో దొరకిన రాగిరేకులలో సుమారు 14,000 మిగిలి యున్నవి. ఆ రేకులపై సాహిత్యము కలదు, రాగము పేరు కలదు. పాట నడక లేదు. రాగి మిగిలెను, మాట మిగిలెను, మెట్టు పోయెను. ఇరువదవ శతాబ్దిలో రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారు మొదలగు విద్వాంసులు క్రొత్తగా స్వరములు కట్టవలసి వచ్చెను. గురుముఖమున నేర్చిన విద్య గొప్పదే. గురువును శిష్యుడును గతించిన పిమ్మట దానిగతి యేమి? ఒకనికి జ్ఞాపకమే చాలవచ్చును గాని, ఏబదిమందికి ఒకే జ్ఞాపకము ఉండదు. కావుననే వ్రాతలేనిచోట బృందము పుట్టదు.

అట్లని మనవారు వ్రాయనే లేదనుట న్యాయము కాదు. మదరాసులో ఏ. ఎం. చిన్నస్వామి మొదలియారుగారు పందొమ్మిదవ శతాబ్ది చివర మన కీర్తనలను పాశ్చాత్య స్వరలిపిలో అచ్చువేసిరి. ఆయన ప్రోత్సాహముచేత సుబ్బరామ దీక్షితులు సంగీత సంప్రదాయ ప్రదర్శినిని రచించి, 1904లో ఎట్టయపురమున ప్రకటించిరి. గమకములకు సైతము గుర్తులేర్పఱచిన యా మహాగ్రంథము తెలుగుభాషలో వెలువడినది. తమిళదేశమున, తెలుగున, తెల్లవారి లిపి నెఱిగిన క్రైస్తవ విద్వాంసుని ప్రేరణచే వెలసిన గ్రంథమది. విద్యకు కులమును ఎల్లయు లేవనుటకు ఇంతకన్న నిదర్శన మేల? అట్టి పరికరము చేతనుండియు, వందయేండ్లకు పైగా దానిని బృందసాధనకు వినియోగింపక, అరలో దాచుకొన్న దోషము మనది.

ఇప్పుడు మన ప్రాంతపు చరిత్రకు వత్తము. వేములనుండి చక్రాయపేట యెంతో దూరము కాదు. ఆ మండలములోని సురభి గ్రామమున 1885లో కీచకవధ ప్రదర్శనముతో ఆరంభమైన నాటకసమాజము తెలుగుదేశమంతయు తిరిగినది. వనారస గోవిందరావుగారి కుటుంబము నెలకొల్పిన యా సమాజమున తల్లి, తండ్రి, బిడ్డ అందఱును వేషధారులే. స్త్రీల వేషములు స్త్రీలే వేయుట ఆ దినములలో సామాన్యమైన సాహసము కాదు. నా దృష్టిలో తెలుగునాట తరతరములు నిలిచిన మొదటి కళాబృందము సురభియే. అది యేల నిలిచినది? కుటుంబమే సంస్థయగుటచేత జీతము బదులు అన్నము దొరకెను. టిక్కెట్టు కొని వచ్చు శ్రోత దొరకెను. వ్రాతయొక్కటియే సంగీతభాగమున కొఱవడెను. ఆ భారమంతయు హార్మోనియముపై పడినది. పది వాద్యములు చేయవలసిన పనిని ఒక పెట్టె చేయుట చౌకయే కాని, ఆ చౌకతనముచేత నాటకసంగీతము రంగులు కోల్పోయెను. గమకమును పలికింపలేని మెట్టులపై పద్యము సాగదీసి సాగదీసి పాడుటయే గొప్పగా ఎంచు నభిరుచి ప్రబలెను.

హార్మోనియమును దూషించువారు రేడియోలోను పుట్టిరి. ఆ వాద్యమును 1940లో ఆకాశవాణి బహిష్కరించి, 1971 వఱకు దూరముగా నుంచెను. దానికి ముందు ఢిల్లీ రేడియోలో పాశ్చాత్య సంగీతశాఖకు పెద్దయైన జాన్ ఫౌల్డ్సు అను ఆంగ్లేయుడు హార్మోనియమును నిరసించి వ్రాసినవాడే. అయితే యాతడు నిరసనతో నూరకుండక, మన వాద్యకారులను జేర్చి, వారికి వ్రాసిన స్వరములను చూచి వాయించుట నేర్పి, భారత–ఐరోపా వాద్యబృందమును కూర్చెను. 1939లో ఆతడు కలకత్తాలో మరణించుటతో ఆ ప్రయత్నము వెనుకబడినది. వాద్యమును బహిష్కరించుట సులభము, ముప్పదియొక్క యేండ్లు సాగెను. బృందమును పెంచుట కష్టము, ఒక్క మనుష్యుని ప్రాణముతో ఆగెను. మన సంస్థల స్వభావమంతయు నిందు కనబడుచున్నది.

1919లో విజయనగరమున మహారాజావారి సంగీత కళాశాల వెలసినపుడు తెలుగుసంగీతమునకు మంచిరోజులు వచ్చెను. ఆదిభట్ల నారాయణదాసుగారు మొదటి అధ్యక్షులు. ఫిడేలు ఆచార్యులు ద్వారమువారు. 1936లో ద్వారమువారే అధ్యక్షులైరి. ఆ కళాశాల పెంచిన విద్వాంసుల ఋణము తీర్చుకొనలేనిది. అయినను విమర్శకుడు చెప్పవలసిన మాట యొకటి కలదు. అచ్చట ఫిడేలు, వీణ, గాత్రము వేఱువేఱు గదులలో నేర్పబడెను. అందఱును ఒక్క గదిలో కూడి వాయించుట పాఠ్యక్రమమునకు ప్రాణము కాలేదు. ప్రతి విద్యార్థియు కచేరి చేయు విద్వాంసుడు కావలెనని చేరును. వందమందిలో ఒకడో యిద్దఱో అగుదురు. మిగిలినవారు ఏమగుదురు? వాద్యబృందమున్న దేశమున ఆ మిగిలినవారికే గౌరవస్థానము కలదు. రెండవవరుసలో పదియవ ఫిడేలు వాయించువాడు లేనిదే సింఫనీ లేదు. మనదేశమున పదియవ ఫిడేలు వాయించుట ఓటమి. అచ్చట అది వృత్తి. ఈ భేదము సంగీతమునకు మాత్రమే సంబంధించినది కాదు, సంఘస్వభావమునకు సంబంధించినది.

రేడియో వచ్చినపిదప జీతమను ఆధారము దొరకినది. మదరాసు కేంద్రము 1938లో, విజయవాడ కేంద్రము 1948లో, కడప కేంద్రము 1963లో వెలసినవి. నెలజీతముపై వాద్యకారులు ఒక్క కప్పుక్రింద చేరుట తెలుగునాట ఇట్లు సాధ్యమైనది. 1952లో ఢిల్లీలో ఆకాశవాణి జాతీయ వాద్యబృందమును నెలకొల్పి, ఉత్తరాది సంగీతమునకు రవిశంకరుగారిని, దక్షిణాదికి టి. కె. జయరామయ్యరుగారిని నాయకులుగా నియమించెను. పిమ్మట మన ఈమని శంకరశాస్త్రిగారు ఆ బృందమునకు రచనలు చేసి నడిపిరి. వారి ఆదర్శ శిఖరారోహణము పేరుపొందినది. ఆ బృందపు మార్గమున గుణమేమనగా, రాగమును చంపక, ఒక వాద్యమునుండి మఱియొక వాద్యమునకు చేతులు మార్చుచు, నాదభేదముచేతనే వైచిత్ర్యము సాధించుట. గమకమునకు చేటులేని బృందసంగీతము సాధ్యమని యీ పద్ధతి ఋజువు చేసినది. లోపమేమనగా, ఆ బృందమునకు ఎదుట శ్రోత లేడు. గాజుగదిలో వాయించుట, యంత్రము గ్రహించుట, గాలిలో పంపుట. చప్పట్లు వినని వాద్యకారుడు క్రమముగా గుమాస్తా యగును. వ్రాతయు జీతమును కుదిరినచోట శ్రోత తప్పిపోయెను.

సినిమా దీనికి సరిగా తలక్రిందులు. శ్రోతలు కోట్లు, జీతమున్నది, నిలుకడ లేదు. ఈ చరిత్రలోను మన తాలూకా పేరున్నది. పులివెందుల తాలూకాలో పుట్టిన బి. ఎన్. రెడ్డిగారు 1951లో తీసిన మల్లీశ్వరి సంగీతమునకు సాలూరి రాజేశ్వరరావు, అద్దేపల్లి రామారావుగారల పేర్లు నిలిచినవి. ఆ చిత్రమున వాద్యములు పాట వెనుక చప్పుడు చేయవు, అవి మాటలాడును. పాట నడుమ నున్న విరామములలో వీణయు వేణువును చెప్పిన భావమును గాయకులు అందుకొందురు. తక్కువ వాద్యములతో ఎక్కువ చెప్పుట అందలి ప్రజ్ఞ. ఆయన తమ్ముడు నాగిరెడ్డిగారు నడిపిన విజయా–వాహినీ స్టూడియోలు ఆసియాలోనే పెద్దవిగా పేరొందిన కాలమున, మదరాసులో వందలకొలది వాద్యకారులు కాల్షీటు లెక్కన బ్రదికిరి. స్వరములు చూచి తత్‌క్షణమే వాయించుటలో వారు ఎవరికిని తీసిపోరు. కాని ఉదయము కూడిన బృందము సాయంకాలమునకు విచ్చిపోవును. వాయించిన వాని పేరు తెరపై నుండదు. ఆ రచన తిరిగి వేదికపై వినబడదు. ఎలక్ట్రానిక్ వాద్యములు ప్రబలినపిదప ఇరువది ఫిడేళ్ల పని ఒక మీటల పలక చేయసాగెను. హార్మోనియము నాటకమునకు చేసినదే, ఆ పలక సినిమాకు చేసినది. పొట్టకూటికి వేఱుదారి వెదకుకొనిన వాద్యకారులెందఱో!

2025 మార్చి 8న ఇళయరాజాగారి సింఫనీ లండనులో వెలుగుచూచినపుడు మనమందఱము సంతసించితిమి. సంతసింపదగినదే. తెలుగు చిత్రములకు ఆయన యిచ్చిన వాద్యరచనలను మఱచువారెవరు? అయితే ఆ సంతోషమున ఒక ప్రశ్న మునిగిపోయెను. దక్షిణదేశపు పల్లెలో పుట్టినవాడు వ్రాసిన రచనను మొదట పలికించుటకు దక్షిణదేశమున బృందమేల లేకపోయెను? వ్రాయువాడు మనవాడు, వినువారు మనవారు. వాయించువారు మాత్రము సముద్రమునకు ఆవల.

ధనముతో ఈ కొఱత తీర్చవచ్చునని తలచువారు బొంబాయిని చూడవలెను. అచ్చట మెహ్లీ మెహతాగారు 1935లో బొంబాయి సింఫనీ బృందమును స్థాపించిరి, అది నిలువలేదు. 2006లో జాతీయ కళాకేంద్రము పక్షమున భారత సింఫనీ బృందము వెలసినది. దాని వాదనము మేలైనదే. కాని అందలి వాద్యకారులలో పెక్కుమందిని మధ్యాసియా మొదలగు దూరదేశములనుండి తెప్పింపవలసి వచ్చినది. మీదినుండి దింపిన కలశమువంటిది ఆ బృందము. క్రింద గోడలు లేవనలేదు. దీనికి ప్రతిగా, వెనిజులా దేశమున హోసే ఆంటోనియో అబ్రేయు 1975లో పదునొకండుగురు విద్యార్థులతో ఆరంభించిన యుద్యమమును చూడుడు. బీదవాడల పిల్లలచేతికి ఫిడేళ్లిచ్చి, మొదటి దినమునుండి కూడి వాయించుట నేర్పిరి. లక్షలమంది పిల్లలు ఆ దారిని నడచిరి. చెన్నపట్టణమున ఏ. ఆర్. రహ్మానుగారి సంగీత పాఠశాలయు ఇట్లే బీదపిల్లలతో సన్‌షైన్ బృందమును పెంచినది. ఈ రెంటిని చూచినపిమ్మట మనకు సాధ్యము కాదనుట ధర్మము కాదు.

మన ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల సీమలో ఏ సామగ్రి యున్నది? నాదస్వరము, డోలు గల మంగళవాద్య మేళములున్నవి. పెండ్లియూరేగింపులలో క్లారినెట్టు, ట్రంపెట్టు ఊదు బ్యాండుమేళములున్నవి. సింఫనీకి కావలసిన యూదుడు వాద్యముల నుపయోగించువారు మన వీధులలోనే నిలిచియున్నారన్న మాట. ఇరువది ముప్పదిమంది చెక్కలు పట్టి, ఒక్క అడుగు తప్పక తిరుగు చెక్కభజన యున్నది. కూడి లయ పట్టుటయన నేమో దానికన్న నెక్కువగా నేర్పునది లేదు. ఇన్నియు నుండి బృందమేల లేదు? వీరు ఒకరితో నొకరు కూర్చుండరు. సన్నాయి యొక కులమునకు, బ్యాండు మఱియొక కులమునకు, డప్పు వేఱొక కులమునకు, వీణ పెద్దయిండ్ల యాడపిల్లలకు అని పంచియిచ్చితిమి. పెండ్లికి మేళము లేనిదే ముహూర్తము సాగదు. ఆ మేళగానికి భోజనము మాత్రము కడపటి పంక్తిలో. వాద్యబృందమున కడపటి పంక్తి లేదు. ఉన్నను అది స్వరమునుబట్టి యేర్పడినది గాని జన్మమునుబట్టి కాదు. మన సంగీతమున నున్న యీ యెడములే మన బృందమునకు మొదటి శత్రువులు.

కావున చేయవలసిన పని ఉన్నతపాఠశాలలో నారంభింపవలెను. వారమునకు రెండు గంటలు, ముప్పదిమంది పిల్లలు; బాలురును బాలికలును. నాలుగు ఫిడేళ్లు, నాలుగు వేణువులు, రెండు క్లారినెట్లు, ఒక డోలు, ఒక డప్పు, తక్కినవారు గొంతుతో. స్వరలిపి నేర్పుటకు తెలుగు లిపియే చాలును. గురువులుగా ఆ యూరి మేళగాండ్రనే నియమించి, బడిపంతులుకు వలె వారికిని నెలజీత మీయవలెను. ఏడాదికి రెండుమారులు తల్లిదండ్రులు వచ్చి, టిక్కెట్టు కొని, నిశ్శబ్దముగా కూర్చుండి వినవలెను. వ్రాత, జీతము, శ్రోత మూడును ఇట్లు చిన్నయెత్తున ఒక్కచోట కుదురును.

దీనికి సొమ్మెక్కడిదని యడుగరాదు. బంగారమునకును బట్టలకును పేరుమోసి, రెండవ బొంబాయి యనిపించుకొనిన ప్రొద్దుటూరు మన ముంగిట నున్నది. మైసూరు తరువాత చెప్పదగినవని జనులనుకొను దసరా యుత్సవములను జరుపుకొను నగరమది. పదిదినముల వేడుకకు వెచ్చించు నుదారులు, ఏడాదికి తలకొక వాద్యకారుని పోషింపలేరా? లైప్‌జిగు పెద్దమనుష్యులును వర్తకులును కలిసి 16 మందియే కదా! ఉత్సవమునకు మేళము పిలుచుట దానము. మేళమును ఏడాది పొడుగున నిలుపుట ధర్మము. దానము చేసినవాని పేరు ఆ రాత్రి చెప్పుకొందురు. ధర్మము చేసినవాని పేరు అడుగనక్కరలేక, అతని మనుమలు వినుచుందురు.

ఇంటింట పిల్లలకు సంగీతము చెప్పించు గృహస్థులకు నా మనవి యొక్కటే. మీ బిడ్డ ఒంటరిగా ఎంత చక్కగా పాడునో చుట్టములకు వినిపించుట మానవలదు. అయితే పదిమందితో కూడి, వారి స్వరమునకు తావిచ్చి పాడగలదా యని కూడ అడుగుడు. ఆ ప్రశ్న మన యిండ్లలో పుట్టిననాడు, వాద్యబృందము మన యూళ్లలో పుట్టుటకు ఆలస్యముండదు.